జనరల్ సీటు

మా ఊరి సర్పంచ్ పదవి ఆడవాళ్ళకి రిజర్వు అయిందని తెలిసిన పూట నేను వంటింట్లో గోంగూర ఒలుచుకుంటున్నాను. మావారి అన్నయ్య, అంటే మా బావగారు, వసారాలో కూర్చుని మావారితో మాట్లాడుతున్నారు. రెడ్డిగూడెం వెళ్ళే రోడ్డు పక్కన చిన్న ఊరు మాది. అందులో పెద్ద మామిడి తోట బావగారిది. కాయ బేరమైనా, గట్టు తగాదా అయినా ఆయన దగ్గరే తెగుతుంది. కాసేపటికి ఆయన వంటింటి గుమ్మం దాకా వచ్చి, "అమ్మాయ్, నీ పేరు వేస్తున్నాం" అన్నారు. అడగలేదు, చెప్పారు. నేను తలూపి మళ్ళీ ఆకు అందుకున్నాను. చేతులు చల్లబడిపోయాయి.

నాకు చిన్నప్పటి నుంచీ నలుగురిలో నోరు తెరవాలంటే భయం. బళ్ళో పాఠం పైకి చదవమంటే గొంతు పూడుకుపోయేది. పెళ్ళయి వచ్చాక ఆ భయం ఎవరి కంటా పడలేదు. ఈ ఇంట్లో నన్నెవరూ పైకి మాట్లాడమని అడగలేదు కాబట్టి.

పోటీ లేకుండానే గెలిచాను. ప్రమాణం చేసిన రోజు వదిలేస్తే పంచాయతీ ఆఫీసులో సర్పంచ్ కుర్చీ నేను ఎక్కింది బహు తక్కువ. మావారే కూర్చునేవారు. జనం ఆయన్నే "సర్పంచ్ గారూ" అని పిలిచేవారు. కాగితాలు ఇంటికి వచ్చేవి. పొయ్యి మీద కూర అడుగంటకుండా చూసుకుంటూ, ఆయన వేలు పెట్టి చూపించిన చోటల్లా సంతకం పెట్టేదాన్ని. ఇది చెబితే ఇప్పుడు చాలామంది నా మీద జాలిపడతారు. నిజానికి అప్పుడు నాకు బాధేమీ లేదు, హాయిగానే ఉండేది. ఆ కుర్చీలో కూర్చుంటే ఎవరో ఒకరు ఏదో ఒకటి అడుగుతారు కదా.

ఒకసారి మహిళా సర్పంచులకి శిక్షణ అని నూజివీడు పిలిచారు. మేమంతా హాల్లో, మా మొగుళ్ళంతా బయట చెట్ల నీడన బళ్ళ మీద. పాఠం చెప్పడానికి వచ్చినావిడ కిటికీలోంచి వాళ్ళని చూసి, "ఒక్క మాట గుర్తుపెట్టుకోండమ్మా. ఆడవాళ్ళ సీటులో మగవాళ్ళు నిలబడకూడదు. జనరల్ సీటులో ఎవరైనా నిలబడొచ్చు. జనరల్ అంటే మగవాళ్ళ సీటని కాదు" అన్నారు. నా పక్కనున్నావిడ నా చెవిలో, "రిజర్వు సీటులోనే మనకి దిక్కులేదు, ఇంక జనరల్ కూడానా" అంది. ఇద్దరం కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నాం.

నా పదవి ముగిసే ముందు ఎండాకాలం, సరిగ్గా కోతల హడావుడిలో, మంచినీళ్ళ ట్యాంకు మోటారు కాలిపోయింది. మావారు కాయల లోడుతో మార్కెట్‌కి వెళ్ళారు, ఫోను ఎత్తడం లేదు. మిట్టమధ్యాహ్నం కాలనీ ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో మా గేటు ముందు నిలబడ్డారు. కిటికీ రెక్క ఓరగా తీసి చూశాను. సర్పంచ్ గారు ఊళ్ళో లేరని చెప్పించి పంపేద్దామనుకున్నాను. అంతలో వాళ్ళలో ఒకామె, మా జాకెట్లు కుట్టే టైలరు, గేటు తోసుకుని లోపలికి వచ్చేసింది.

"వదినా, అన్నయ్య కోసం రాలేదు. నీ కోసమే వచ్చాం" అంది.

ఆమెనే తోడు తీసుకుని ఆటోలో మండలాఫీసుకి వెళ్ళాను. అక్కడున్నాయన నా వెనక ఎవరైనా వస్తున్నారేమో అని చూసి, "సర్పంచ్ గారు రాలేదా అమ్మా?" అన్నాడు.

"నేనేనండి" అన్నాను. ఆ మాట నాకే సరిగ్గా వినబడలేదు. మళ్ళీ చెప్పాల్సి వచ్చింది.

మెకానిక్ మర్నాడు గానీ రాడన్నారు. అప్పటిదాకా నీళ్ళు? ఆ చుట్టుపక్కల నీళ్ళున్న బోరు బావగారి తోటలోదే. తిరిగొస్తూ తోట దగ్గర ఆటో ఆపించి, కాపలా అతన్ని రోడ్డు దాకా పైపు వెయ్యమన్నాను. అతను తల గోక్కున్నాడు. "అయ్యగారికి ఒక్క మాట చెప్పి వేస్తానమ్మా" అన్నాడు. "నేను చెప్తాలే. నువ్వు వెయ్యి" అన్నాను. ఆ గొంతు ఎక్కడి నుంచి వచ్చిందో నాకిప్పటికీ తెలియదు. బిందెలన్నీ నిండేదాకా రోడ్డు పక్కనే నిలబడ్డాను.

సాయంత్రం బావగారు వచ్చారు. కోప్పడలేదు. నవ్వారు. "అడిగితే నేను కాదంటానా అమ్మాయ్? ఇంకోసారి అడుగు" అన్నారు. ఆయన అరిచి ఉంటే నాకు అంత భయం వేసేది కాదు.

నా పదవి అయిపోయాక చాలాకాలం ఎన్నికలు పెట్టలేదు. పెట్టేసరికి మధ్యలో కరోనా కూడా వచ్చి పోయింది. అప్పటికి తోటలు నిండు పూత మీద ఉన్నాయి. ఊరంతా పూత వాసన, దాని మీద పురుగు మందు వాసన. ఒక ఉదయం బావగారి ప్యాకింగ్ షెడ్డులో ఊరి పెద్దలు కూర్చున్నారు. కాయ లేని రోజుల్లో ఆ షెడ్డులో ప్లాస్టిక్ ట్రేలూ, వరిగడ్డీ తప్ప ఏమీ ఉండవు. ట్రేలు బోర్లించి వాటి మీద కూర్చున్నారందరూ. నేనూ మా తోటికోడలూ, అంటే బావగారి భార్య, టీలు పట్టుకెళ్ళాం.

"ఈసారి జనరల్. మళ్ళీ మన చేతికొచ్చింది. మీరే ఉండండి, ఏకగ్రీవం చేసేద్దాం" అంటున్నారు ఒకాయన, బావగారితో.

ఇంకొకాయన నా చేతిలో కప్పు అందుకుంటూ, "పాపం ఆడవాళ్ళు అలిసిపోయారు. రెస్టిద్దాం" అన్నారు. అందరూ నవ్వారు. మావారు కూడా నవ్వారు.

నాకు కోపం రాలేదు. ఒంట్లోంచి ఏదో తీసేసుకున్నట్టు అనిపించింది. అన్నేళ్ళ పదవిలో నేను చేసింది ఒక్క మధ్యాహ్నం నీళ్ళు ఇప్పించడం. అది కూడా జరగనట్టే నవ్వారు వాళ్ళు. ఖాళీ టీ ట్రే పట్టుకుని బయటికి వస్తుంటే శిక్షణలో ఆవిడ చెప్పిన మాట గుర్తొచ్చింది. ఆ మాట గుర్తు రాకపోతే బాగుండుననుకున్నాను.

జనరల్ సీటులో నేనూ నిలబడొచ్చన్న ఆ మాట ఇంట్లో ఎవరితోనూ అనలేదు. జాకెట్టు కొలత వంకతో టైలరు ఇంటికి వెళ్ళి ఆమెతో అన్నాను. ఆమె మిషను తొక్కడం ఆపేసింది. భర్త పోయాక ఇద్దరు పిల్లల్ని ఆ మిషను మీదే పెంచుతోంది.

"నామినేషన్ వెయ్యాలంటే ప్రతిపాదించడానికి ఊళ్ళో ఓటరు ఒకళ్ళు సంతకం పెట్టాలట కదా వదినా?" అని అడిగింది.

"పెట్టాలి. ఎవరు పెడతారు?"

"నేను లేనా?" అంది, దారం తెంపుతూ.

మర్నాడు ఇద్దరం మాస్కులు పైకి లాక్కుని, నూజివీడు వెళ్తున్నామని చెప్పి, పక్క ఊళ్ళో నామినేషన్లు తీసుకునే ఆఫీసుకి వెళ్ళాం. కాగితాలు ఇచ్చి బయటికి వచ్చేసరికి మా ఊరివాళ్ళు ఇద్దరు టీ కొట్టు దగ్గర కనబడ్డారు. ఫోను చెవిన పెట్టుకుని మా వైపే చూస్తున్నారు. మేము ఇల్లు చేరేలోపే కబురు చేరింది.

మావారు నన్ను ఏమీ అనలేదు. ఆయన మంచివారు. చెయ్యెత్తే మనిషి కాదు. మాట్లాడటం మానేశారంతే. కంచం ముందు కూర్చుని కలిపిన అన్నం అలాగే వదిలేసి లేచేవారు. అన్నయ్య ముందు తలెత్తి మాట్లాడటం ఆయనకి చిన్నప్పటి నుంచీ లేదు. ఆయన భయపడుతున్నారని నాకు తెలుసు. ఆ ఇంట్లో ఇద్దరం భయపడుతూ, ఒకళ్ళకొకళ్ళం చెప్పుకోకుండా తిరిగేవాళ్ళం.

ఫోను మోగేది. ఎత్తితే ఎవరూ మాట్లాడరు. ఊపిరి వినబడేది. టైలరు ఇంటి ముందు పగలంతా ఒక బండి ఆగి ఉంటోందని కాలనీ వాళ్ళు చెప్పారు. ఎవరూ దిగరు, ఏమీ అనరు, ఊరికే అక్కడ ఉంటారు. మర్నాటి నుంచి ఆమె దగ్గరికి కుట్టడానికి గుడ్డలు ఇచ్చేవాళ్ళు తగ్గిపోయారు.

ఒక మధ్యాహ్నం పూత ఎలా నిలిచిందో చూద్దామని మా తోటలోకి వెళ్ళాను. మాకున్నది కొద్దిపాటి తోట. పాత రసాల చెట్లు, కొమ్మలు నేల దాకా వాలి ఉంటాయి. లోపల పట్టపగలు కూడా మసక చీకటి. నడుస్తుంటే కంచె అవతల బండి శబ్దం ఆగిపోయింది. తర్వాత ఎండుటాకుల మీద అడుగులు. నేను ఆగితే అవీ ఆగాయి. కొమ్మల కిందికి వంగి చూశాను. చెప్పులు కనబడ్డాయి, మనిషి కనబడలేదు. అరుద్దామంటే గొంతు రాలేదు, బళ్ళో లాగే.

"నేనేనమ్మా" అంటూ కొమ్మలు తప్పించుకుని వచ్చాడతను. మా తోటకీ, బావగారి తోటకీ ఏళ్ళ తరబడి మందు కొట్టే మనిషి. మా ఇంట్లో ఎన్నిసార్లు అన్నం తిన్నాడో. చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"పూత బాగా నిలిచిందమ్మా ఈసారి" అన్నాడు.

"ఆఁ" అన్నాను.

"ఎందుకమ్మా ఇప్పుడు ఈ గొడవంతా? అయ్యగారు పెద్దాయన. మీరు కాస్త ఆలోచించుకోండి." నేల చూశాడు. "పాప కాలేజీకి బస్సులో ఒక్కతే వెళ్ళొస్తోంది కదా" అన్నాడు.

ఎంత మెల్లగా అన్నాడంటే, నిజంగా పిల్ల మీద ప్రేమతోనే అన్నాడేమో అనిపించింది. అతని మొహం చూశాను. అతనికీ చెమటలు పట్టి ఉన్నాయి. ఆ మాట అతనిది కాదని, ఎవరో చెప్పి పంపారని తెలిసిపోయింది. ఎవరు పంపారో నేను అడగలేదు. అతను చెప్పలేదు.

మా అమ్మాయి అప్పుడు నూజివీడులో ఇంటర్ చదువుతోంది. ఆ సాయంత్రం ఎప్పుడూ వచ్చే బస్సులో రాలేదు. బస్సు వెళ్ళిపోయాక రోడ్డు మీద దుమ్ము అణిగేదాకా అలాగే నిలబడ్డాను. ఫోను చేస్తే స్విచాఫ్. ఆ రోడ్డుకి రెండు వైపులా తోటలే. ప్రతి చెట్టు కిందా ఎవరో ఉన్నట్టు ఉంది. గుర్తొచ్చిన దేవుడికల్లా మొక్కాను. తీసేస్తాను, రేపే వెళ్ళి నామినేషన్ తీసేస్తాను, నా పిల్లని నాకు ఇప్పించమని పైకే అన్నాను. తర్వాతి బస్సులో దిగింది అమ్మాయి. స్పెషల్ క్లాసు పెట్టారట, ఫోనులో ఛార్జింగ్ లేదట. రోడ్డు మీదే దాన్ని పట్టుకుని ఏడ్చేశాను. "ఏంటమ్మా, ఏమైంది?" అని అది నా కంటే ఎక్కువ భయపడింది.

ఆ మర్నాడు పొద్దున్న మా తోటికోడలు వచ్చింది. మోకాళ్ళ నొప్పులతో మా ఇంటి మెట్లు ఎక్కేది కాదు ఎప్పుడూ. ఆ రోజు ఎక్కి వచ్చి వంటింట్లో పీట మీద కూర్చుంది.

"తీసెయ్ చెల్లీ" అంది.

"నిన్నేమన్నా అన్నారా అక్కా బావగారు?"

"నన్నెవరేమంటారు? నన్ను ఎవరన్నా ఏదన్నా అడిగితే కదా, అనడానికి." పమిటతో కళ్ళు ఒత్తుకుంది. "ఇంట్లో ఆయన అన్నం ముట్టుకోవట్లేదు. పళ్ళాలు విసిరికొడుతున్నారు. నువ్వేదో చేస్తే నా ఇంట్లో నాకు భయమేస్తోంది. అందుకని వచ్చాను. వేరే ఏమీ కాదు."

ఆమెకి కాఫీ ఇచ్చాను. "తీసేస్తానక్కా" అన్నాను.

మావారికి చెప్పాను. ఆయన మొహంలో ఎన్నాళ్ళ బరువో దిగిపోయింది. ఆ పూట అన్నం రెండోసారి పెట్టించుకున్నారు. ఉపసంహరణకి ఆఖరి రోజు మధ్యాహ్నం మూడింటి దాకా గడువు. ఆ రోజు ఆయన బండి మీదే వెళ్ళాం. ఆఫీసు బయట టీ కొట్టు దగ్గర బావగారు, ఆయన మనుషులు నిలబడి ఉన్నారు. బావగారు నన్ను చూసి తలూపారు. గోడ పక్కన టైలరు ఒక్కతే ఉంది. నామినేషన్ తీసేయొద్దని నన్ను అడగడానికి వచ్చిందనుకున్నాను. నా దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకుని, "నీ ఇష్టం వదినా. నాక్కూడా భయంగానే ఉంది" అంది. ఆమె చెయ్యి కూడా చల్లగా ఉంది.

లోపల అధికారి కుర్రాడే. కాగితం నా ముందు పెట్టి, "మీ ఇష్టంతోనే వెనక్కి తీసుకుంటున్నారా అమ్మా?" అని అడిగాడు.

"అవునండి, ఆవిడ ఇష్టంతోనే" అన్నారు మావారు.

"నేను ఆవిడని అడిగానండి."

"చెబుతున్నాను కదండి, ఆవిడ ఇష్టమేనని."

పెన్ను నా చేతిలోనే ఉంది. అవును అని చెప్పాలనే నోరు తెరిచాను. అమ్మాయి కోసం, తోటికోడలి కోసం, టైలరు కోసం, అందరి కోసం ఆ ఒక్క మాట చెప్పేసి బయటపడాలని ఎంత కోరుకున్నానో. కానీ నా ఇష్టం గురించి నా పక్కన కూర్చుని ఆయన రెండోసారి చెప్పేసరికి ఆ మాట లోపలే ఉండిపోయింది.

"కాదండి" అన్నాను.

మావారు నా వైపు తిరిగి, "ఏంటే?" అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు, అయోమయం ఉంది.

"నా ఇష్టం కాదు. తీసుకోను."

ఆయన లేచి బయటికి వెళ్ళిపోయారు. కిటికీలోంచి బయట మాటలు పెరగడం వినబడింది. బావగారి గొంతు గుర్తుపట్టాను. తర్వాత ఎవరో బండి స్టార్ట్ చేసి వెళ్ళిపోయిన చప్పుడు.

ఊళ్ళో కొందరు ఇప్పటికీ అంటారు, ఆమె ఎంత ధైర్యంగా మూడింటి దాకా ఆఫీసులోనే కూర్చుందో అని. నేను కూర్చుంది బయటికి వెళ్ళడానికి భయమేసి. గుమ్మం దాటితే ఏమవుతుందో తెలియక, అక్కడ గోడ వారగా ఉన్న బెంచీ మీద ఒళ్ళంతా దగ్గరికి ముడుచుకుని కూర్చున్నాను. అధికారి ఒకసారి మంచినీళ్ళు ఇప్పించాడు. గడువు అయిపోయిందని అతను చెప్పినప్పుడు కూడా లేవలేకపోయాను. టైలరు లోపలికి వచ్చి లేపింది. అక్కడి కానిస్టేబుల్ మమ్మల్ని ఆటో ఎక్కించేదాకా పక్కనే నడిచాడు.

ఇంటికి వచ్చేసరికి మావారు వసారాలో కూర్చుని ఉన్నారు. చెప్పులు విప్పి లోపలికి వెళ్ళబోతుంటే, "రేపటి నుంచి అమ్మాయిని నేనే కాలేజీలో దింపి, నేనే తీసుకొస్తా" అన్నారు. తోటలో జరిగింది నేను ఆయనకి చెప్పలేదు. రోడ్డు మీద నేను ఏడ్చిన సంగతి అమ్మాయి చెప్పిందో, నా మొహం చూసి ఆయనే గ్రహించారో. నాకు ఓటెయ్యమని ఆయన ఎవరినీ అడగలేదు. అన్నయ్యకి వెయ్యమనీ అడగలేదు. రోజూ అమ్మాయిని బండి మీద తీసుకెళ్ళి తీసుకొచ్చారు. అంతవరకే ఆయన చెయ్యగలిగింది. ఆయన సంగతి తెలిసినదాన్ని కాబట్టి అదెంత పెద్దదో నాకు తెలుసు.

నేను ఓడిపోయాను. బడిలో లెక్కింపు అయ్యాక బావగారి మనుషులు మా గేటు ముందు టపాకాయలు కాల్చారు. నిజం చెప్పాలంటే ఆ చప్పుళ్ళలో నాకు ముందు కలిగింది దుఃఖం కాదు. అయిపోయింది, ఇంక అమ్మాయికి ఏమీ కాదు అనిపించి నిద్ర ముంచుకొచ్చింది. మర్నాడు టైలరు వచ్చి చెబితే గానీ తెలియలేదు, కాలనీలో చాలావరకు నాకే పడ్డాయట. బావగారి తోటలో పని చేసేవాళ్ళు కూడా వేశారట. "వాళ్ళకి భయం వెయ్యలేదా?" అని అడిగాను. "ఎందుకు వెయ్యదు? వేసింది" అంది.

ఆ ఏడు కోతలకి బావగారు కాలనీ ఆడవాళ్ళని పిలవలేదు. బాపులపాడు వైపు నుంచి ట్రాక్టర్లలో కూలీల్ని తెచ్చుకున్నారు. పని పోయిన కాలనీ వాళ్ళలో చాలామంది నా మొహం చూసి తల తిప్పుకున్న రోజులున్నాయి. ఆ తలలు తిప్పుకోవడం నన్ను ఎవరూ మాట్లాడని ఆ ఫోన్ల కన్నా ఎక్కువ కుదిపింది. తర్వాతి ఏడు కాయ ఒక్కసారిగా మాగి, బయటి మనుషులు దొరక్క మళ్ళీ కాలనీ వాళ్ళనే పిలిచారు. టైలరు దగ్గరికి పెద్ద ఇళ్ళ జాకెట్లు చాలాకాలం రాలేదు. స్కూలు యూనిఫాంలు కుట్టి నెట్టుకొచ్చింది.

గ్రామసభ పెట్టినప్పుడల్లా నేను వెళ్తాను. ఆడవాళ్ళం వెనక చాప మీద కూర్చుంటాం. నీళ్ళ గురించో, డ్రైనేజీ గురించో లేచి ఒక ప్రశ్న అడుగుతాను. ఇంటి దగ్గరే ఆ ప్రశ్న పదిసార్లు లోపల అనుకుని వెళ్తాను, అయినా గొంతు వణుకుతుంది. బావగారు విననట్టు సెల్ చూసుకుంటారు. ఒక్కోసారి జవాబు వస్తుంది, ఒక్కోసారి రాదు.

ఇప్పుడు మళ్ళీ ఎన్నికలు వస్తున్నాయంటున్నారు. రిజర్వేషన్ ఏమవుతుందో ఎవరికీ తెలియదు. మళ్ళీ ఆడవాళ్ళకే పడొచ్చని ఒక పుకారు. మొన్న మా తోటికోడలు మెట్లెక్కి వచ్చింది, మధ్యలో ఒకసారి ఆగి ఊపిరి తీసుకుని.

"ఈసారి నా పేరు వేస్తారట చెల్లీ" అంది.

"నిన్ను అడిగారా?"

"చెప్పారు." చేతి గాజులు తిప్పుకుంది. "నువ్వు కూడా వేస్తావా? వేస్తే నాకు చెప్పు. నీకు ఎదురు నిలబడాలంటే నాకు భయం. నిలబడనని ఆయనతో చెప్పాలన్నా భయం."

నాకెదురుగా ఆమెని నిలబెట్టడం బావగారికి ఎంత తేలికో అప్పుడు అర్థమైంది. ఆమె గెలిస్తే ఆ కాగితాలు ఏ పొయ్యి పక్కకి వెళ్తాయో కూడా తెలుసు. నేను నిలబడితే ఆ ఇంట్లో ఆమె మీద ఏం విరుచుకుపడుతుందో అదీ తెలుసు.

"గ్రామసభ ఎల్లుండి పెడుతున్నారు. నాతో వస్తావా అక్కా?" అని అడిగాను.

"నేనా? అక్కడికొచ్చి ఏం చెయ్యను?"

"ఊరికే నా పక్కన కూర్చో."

ఆయన్ని అడగాలి అనబోయి ఆగిపోయింది. చివరికి, "ఎన్నింటికి?" అంది, తలుపు వైపు చూస్తూ, ఎవరైనా వింటున్నారేమో అన్నట్టు గొంతు బాగా తగ్గించి.